ఫేస్‌బుక్ పోస్టుకు స్టేషన్‌కు రమ్మంటున్నారు... వెళ్లాలా?

సందేహం: ప్రభుత్వం తీసుకున్న ఒక నిర్ణయాన్ని తప్పుపడుతూ ఫేస్‌బుక్‌లో రాశాను. అందులో బూతు మాట లేదు, ఎవరినీ కొట్టమనలేదు. రెండు రోజులకు పోలీసులు ఫోన్ చేసి ‘‘ఒకసారి స్టేషన్‌కు వచ్చి వెళ్లు’’ అన్నారు. తర్వాత వాట్సాప్‌లో నోటీసు ఫొటో పంపారు. పోస్టు తీసేసి, క్షమాపణ రాసిచ్చి రమ్మని నాన్న బతిమాలుతున్నారు. ఇదే విషయంపై శాంతియుతంగా ధర్నా చేద్దామనుకున్న మిత్రులంతా ఇప్పుడు వెనకాడుతున్నారు. సర్కారుతో మాలాంటివాళ్లం పెట్టుకోగలమా?
- ఒక డిగ్రీ విద్యార్థి

సమాధానం: మీ నాన్నగారి భయాన్ని తీసిపారేయను. కేసు పడితే వాయిదాలకు తిరిగే కష్టం ఇంటిల్లిపాదిదీ. అయినా చేయని నేరానికి క్షమాపణ రాసివ్వొద్దు. ఆ కాగితాన్ని రేపు మీ మీదే చూపిస్తారు. పోస్టు కూడా ఇప్పుడు తీసేయకండి, సాక్ష్యం మాయం చేశారన్న మాట వస్తుంది. తేదీ, సమయం కనబడేలా స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోండి.

మీకు చెప్పదలచిన ముఖ్యమైన మాట ఒకటే. ఇకమీదట ఏదీ నోటిమాటగా సాగనివ్వకండి. వాళ్లు అడిగేది రాతలో అడగమనండి, మీరు చెప్పేది రాతలో చెప్పండి. ఫోన్‌లో గద్దించిన అధికారి కూడా కాగితం మీద సంతకం పెట్టాల్సి వచ్చేసరికి తనకు ఆ అధికారం ఉందో లేదో చూసుకుంటాడు. నా వృత్తిలో ఇది ఎన్నోసార్లు కళ్లారా చూశాను.

ముందు, మీ పోస్టు నేరమా? మీరు చెప్పిందే నిజమైతే కాదు. రాజ్యాంగం 19(1)(ఎ) అధికరణ కింద అది మీ భావప్రకటనా హక్కు. ఆర్టికల్ 370 రద్దును తప్పుపడుతూ ఆగస్టు 5ను ‘బ్లాక్ డే’ అని వాట్సాప్ స్టేటస్ పెట్టిన ఒక కాలేజీ అధ్యాపకుడి మీద మహారాష్ట్రలో కేసు కడితే, 2024 మార్చిలో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ప్రభుత్వాన్ని విమర్శించడమే నేరమంటే ప్రజాస్వామ్యం బతకదని తేల్చి చెప్పింది. 2025 మార్చిలో ఎంపీ ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కేసులో మరో మెట్టు ఎక్కింది. మాటకు, రాతకు సంబంధించి మూడు నుంచి ఏడేళ్ల లోపు శిక్ష పడే ఆరోపణలైతే, ఎఫ్‌ఐఆర్ కట్టేముందు ప్రాథమిక విచారణ జరపడమే సరైనదని చెప్పింది. నోటీసులో ఐటీ చట్టం సెక్షన్ 66ఎ (ఆన్‌లైన్‌లో అభ్యంతరకర రాతలకు శిక్ష వేసిన సెక్షన్) కనబడితే అసలు బెదరకండి. దాన్ని 2015లోనే శ్రేయా సింఘాల్ కేసులో కొట్టేశారు. ఆ తర్వాత కూడా కేసులు కడుతూనే ఉంటే, ఆపమని 2022లో మళ్లీ చెప్పాల్సి వచ్చింది.

ఇక నోటీసు. ఆరోపణ ఉన్నవారిని అరెస్టు చేయకుండా విచారణకు పిలవాలంటే, సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 35(3) కింద ఇచ్చేదే అసలు నోటీసు, మన పాత 41ఎ. దాన్ని వాట్సాప్‌లో పంపితే చెల్లదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో చెప్పింది. అలాగని ఊరుకోవద్దు. ‘‘వాట్సాప్‌లో ఫొటో అందింది, చట్టప్రకారం నోటీసు ఇవ్వండి, విచారణకు సహకరిస్తాను’’ అని రాసి రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. సరైన నోటీసు చేతికొచ్చాక మాత్రం తప్పకుండా వెళ్లండి. వెళ్లకపోతే అదే అరెస్టుకు కారణమవుతుంది. వెళ్లి సహకరిస్తున్నవారిని అరెస్టు చేయాలంటే కారణాలు రాసిపెట్టాలి.

స్టేషన్‌లో ఒక జాగ్రత్త. నా దగ్గరికొచ్చిన ఒక కుర్రాణ్ని సాయంత్రం దాకా బెంచీ మీద కూర్చోబెట్టి, చివర్లో తెల్లకాగితం ముందు పెట్టి ‘‘కింద సంతకం చేసి ఇంటికి పో’’ అన్నారట. ఆకలితో, భయంతో పెట్టేశాడు. పైన ఏం రాసుకున్నారో అతను చూసింది ఛార్జిషీటు వచ్చాకే. దర్యాప్తులో పోలీసులకు ఇచ్చిన వాంగ్మూలం మీద సంతకం తీసుకోకూడదని బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 181 చెబుతోంది. ఈ ఒక్క ముక్క తెలిసుంటే ఆ కుర్రాడికి అంత క్షోభ తప్పేది. మిమ్మల్ని మీరే దోషిగా చూపే జవాబు చెప్పమని 20(3) అధికరణ ప్రకారం ఎవరూ బలవంతపెట్టలేరు.

ఒకవేళ అరెస్టే చేస్తే, కారణాలు మీకు అర్థమయ్యే భాషలో రాతపూర్వకంగా ఇవ్వాలి, ఇంట్లోవాళ్లకు తెలియజేయాలి, ప్రయాణ సమయం పోను 24 గంటల్లోపు మెజిస్ట్రేట్ ముందు నిలబెట్టాలి. ఎక్కడికి తీసుకెళ్లారో చెప్పకపోతే మీ నాన్నగారే హైకోర్టులో హెబియస్ కార్పస్ (పట్టుకెళ్లిన మనిషిని కోర్టు ముందు నిలబెట్టమని కోరే పిటిషన్) వేయొచ్చు.

ధర్నా మానొద్దు. రోజు, వేళ, చోటు, ఎంతమంది వస్తారు అన్నవి రాసి పోలీసులకు దరఖాస్తు ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి. కాదంటే కారణం రాసిమ్మనండి. ఆ తిరస్కరణ కాగితంతోనే 226 అధికరణ కింద హైకోర్టుకు వెళ్లొచ్చు. ‘144 ఉంది’ అని నోటితో అంటే సరిపోదు. ఇప్పుడది బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 163, ఆ ఉత్తర్వు రాతలో ఉండాలి, కారణాలు చూపాలి. న్యాయమైన నిరసనను నొక్కేయడానికి దాన్ని వాడకూడదని 2020లో అనురాధా భసీన్ కేసులో తీర్పుంది. అదే ఏడాది, రోడ్లను ఎడతెగకుండా ఆక్రమించి కూర్చోవడం కుదరదనీ సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే చోటు విషయంలో పట్టుదలకు పోకండి.

‘పెట్టుకోగలమా’ అన్నారు. ఎమర్జెన్సీలో, 1976లో, అక్రమ నిర్బంధాన్ని కోర్టులో ప్రశ్నించే హక్కు కూడా లేదని సుప్రీంకోర్టే అంది. అయిదుగురిలో జస్టిస్ హెచ్.ఆర్.ఖన్నా ఒక్కరే కాదన్నారు. ఆయనకు రావాల్సిన ప్రధాన న్యాయమూర్తి పదవి పోయింది. 1977 మార్చిలో జనం ఓటుతో ఆ ప్రభుత్వాన్ని దించారు. ఇక ఎమర్జెన్సీ పెట్టినా ప్రాణానికి, వ్యక్తిస్వేచ్ఛకు సంబంధించిన 21వ అధికరణను పక్కనపెట్టకుండా 1978లో 44వ సవరణ తెచ్చారు. 1976 నాటి తీర్పు తప్పని 2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఒప్పుకుంది. కోర్టు చేయి వదిలేసిన రోజున నిలబడ్డది మామూలు జనమే. అందుకే మీ మిత్రుల్ని వెనకాడనివ్వకండి.

ఈ రాత్రే కూర్చుని ఫోన్ ఏ రోజు, ఎన్ని గంటలకు వచ్చింది, ఏ నంబరు నుంచి వచ్చింది, ఏమన్నారు అన్నదంతా ఒక కాగితం మీద రాసిపెట్టండి. రేపు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. అర్హత ఉంటే న్యాయవాదిని ఉచితంగా ఇస్తారు. వెళ్లేటప్పుడు మీ నాన్నగారిని కూడా తీసుకెళ్లండి. ఆయన అడగాల్సినవి ఆయననే అడగనివ్వండి.