ప్రభుత్వ ప్రాజెక్టులకు పర్యావరణ అనుమతి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా ఊరి దగ్గర జలాశయం కడుతున్నారని, దానిపై ప్రజాభిప్రాయ సేకరణ జరుపుతామని పేపర్లో ప్రకటన వచ్చింది. లోగడ పక్క మండలంలో ఇలాంటి సభకు వెళ్లాను. అందరూ నష్టపరిహారం గురించే అడిగారు, అధికారులు రాసుకొని వెళ్లిపోయారు. అసలు ఈ సభకు విలువ ఉందా? ఉంటే మేము ఏం మాట్లాడాలి?
– ఒక రైతు, జడ్చర్ల మండలం

జవాబు: విలువ ఉంది. కేంద్ర ప్రభుత్వం 2006 సెప్టెంబరు 14న జారీ చేసిన పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం, సభలో నమోదైన పర్యావరణ అభ్యంతరాలకు ప్రాజెక్టు చేపట్టిన శాఖ తన ప్రభావ అంచనా తుది నివేదికలో సమాధానం చెప్పుకోవలసి ఉంటుంది. సభను కాలుష్య నియంత్రణ మండలి నిర్వహిస్తుంది. జిల్లా కలెక్టరు గాని, అదనపు కలెక్టరు హోదాకు తగ్గని అధికారి గాని అధ్యక్షత వహిస్తారు. మొదటినుంచి చివరిదాకా వీడియో తీస్తారు. సభకు కనీసం ముప్ఫై రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి. ఆ వ్యవధిలో ముసాయిదా నివేదికను కలెక్టరు కార్యాలయంలోను, జిల్లా పరిషత్తులోను ఎవరైనా చూడవచ్చు. దాని సారాంశం తెలుగులో కూడా ఉండి తీరాలి. సభకు ఇంతమంది రావాలన్న కోరం నియమం లేదు కనుక, జనం బహిష్కరించినంత మాత్రాన సభ రద్దు కాదు. వెళ్లనివారి మాట నమోదు కాకుండా పోతుంది, అంతే.

పరిహారం గురించి అడగడం తప్పు కాదు. పైగా 2013 నాటి భూసేకరణ చట్టంలోని ఆరో సెక్షన్ ప్రకారం, పర్యావరణ ప్రభావ అంచనా అవసరమైన సాగునీటి ప్రాజెక్టులకు ఆ చట్టం కింద విడిగా సామాజిక ప్రభావ అంచనా చేయనక్కరలేదు. అంటే ముంపు గ్రామాల గోడు అధికారికంగా వినిపించడానికి ఇదే ముఖ్యమైన వేదిక. అయితే మూడు గంటల సభలో రెండున్నర గంటలు ఎకరా ధర మీదే గడిస్తే, నీళ్ల గురించి, నేల గురించి ఒక్క వాక్యమైనా రికార్డులో మిగలదు. తరవాత అనుమతిని పరిశీలించే కమిటీ ముందు "ప్రజలు పరిహారం పెంచమని కోరారు" అన్న ఒక్క ముక్కే ఉంటుంది. పరిహారం సంగతి ఇద్దరు ముగ్గురు పెద్దలకు అప్పగించి, మిగతావారు తలా ఒక అంశం పంచుకోవడం మేలు.

నివేదికలో ఉండవలసిన అధ్యాయాలను నోటిఫికేషనే నిర్దేశించింది. మూడో అధ్యాయంలో ఆ ప్రాంతపు ప్రస్తుత పరిస్థితి, అయిదో దానిలో ప్రత్యామ్నాయాలు, ఏడో దానిలో ప్రమాదాల అంచనా, పదో దానిలో పర్యావరణ యాజమాన్య ప్రణాళిక ఉంటాయి. ముందుగా మూడో అధ్యాయం తెరవండి. మీ ఊరి బావులు అందులో ఉన్నాయా? నీటిమట్టం ఏ నెలలో కొలిచారు? వానలు పడ్డాక కొలిచిన మట్టాన్ని చూసి ఎండాకాలం సంగతి చెప్పలేము. "మా బోర్లు పాడవుతాయి" అని ఊరుకోకుండా సర్వే నంబరు, బోరు లోతు, మే నెలలో ఎన్ని గంటలు పోస్తుందో రాసి ఇవ్వండి. కట్ట కింది వైపు నల్లరేగడి చేలు ఉంటే ఊట దిగి జాలు పట్టే ముప్పు ఉంది. ఆ ఊటనీరు బయటికి పోయే కాలువ ఎక్కడ తవ్వుతారో అడగండి. వాగుకు అడ్డంగా కట్ట పడితే దాని కింద గొలుసుకట్టుగా ఉన్న కుంటలు, చెరువులు ఎలా నిండుతాయో, వాటి మీద బతికే మత్స్య సహకార సంఘం గతి ఏమిటో అడగండి.

తరచుగా అందరూ మరిచిపోయే అంశం మరొకటి ఉంది. మైళ్ల పొడవున మట్టికట్ట వేయాలంటే లక్షల ఘనపు మీటర్ల మట్టి, రాయి కావాలి. ఆ మట్టి ఏ చెరువు నుంచి, ఆ రాయి ఏ గుట్ట నుంచి తెస్తారో, పేలుళ్లకు ఇళ్లు ఎంత దూరమో, తవ్విన గుంతలను ఏం చేస్తారో నివేదికలో వెతకండి. ముంపు మ్యాపులో లేని ఊళ్లు కూడా దెబ్బతినేది ఇక్కడే. గొర్రెల మందలు తిరిగే బాట తెగిపోతే అది కూడా ప్రభావమే. పాలమూరు జిల్లాలో దీన్ని చిన్న విషయంగా తీసుకోలేము.

ప్రశ్న: తాగునీటి కోసం కట్టే ప్రాజెక్టుకు పర్యావరణ అనుమతి అక్కరలేదని మా దగ్గర ఒక ఇంజినీరు అన్నారు. నిజమేనా?
– ఒక ఉపాధ్యాయురాలు, నాగర్‌కర్నూల్

జవాబు: తాగునీటి సరఫరా పథకాలు 2006 నోటిఫికేషన్‌లోని అనుమతి అవసరమైన పనుల జాబితాలో లేవన్నది నిజం. కానీ అదే కాలువ, అదే జలాశయం సాగుకు కూడా నీరిచ్చేటప్పుడు ఆ వాదన నిలబడదు. ఇందుకు మీ జిల్లాలోనే ఉదాహరణ ఉంది. పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతల పథకానికి 2015 జూన్‌లో శంకుస్థాపన జరిగితే, ప్రజాభిప్రాయ సేకరణ సభలు 2021 ఆగస్టులో జరిగాయి. అప్పటికి జలాశయాల కట్టలు లేచాయి. ప్రస్తుతం చేస్తున్నది తాగునీటి పని మాత్రమేనని ప్రభుత్వం వాదించినా, పర్యావరణ వివాదాలను విచారించే జాతీయ హరిత ట్రైబ్యునల్ చెన్నై బెంచి ఒప్పుకోక 2021 అక్టోబరులో పనులు ఆపమంది. 2022 డిసెంబరులో భారీ జరిమానా కూడా విధించింది. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ జరిమానాపై స్టే ఇచ్చి, తాగునీటికి సంబంధించిన పనులకు అనుమతించింది. పాలమూరుకు నీళ్లు రావాలనడంలో నాకు రెండో మాట లేదు. అయినా కట్ట లేచిన తరవాత చేసే అంచనాలో ప్రత్యామ్నాయాల అధ్యాయం రాయడం లాంఛనమే అవుతుందని చెప్పక తప్పదు.

ప్రశ్న: నివేదిక తయారుచేసే సంస్థకు డబ్బు ఇచ్చేది ప్రాజెక్టు కడుతున్నవారే కదా! దాన్ని ఎలా నమ్మాలి?
– ఒక విద్యార్థి, నల్లగొండ

జవాబు: మీ అనుమానం సహేతుకమే, ఈ ఏర్పాటులోని పెద్ద లోపం ఇదే. సంస్థకు గుర్తింపు ఉండాలన్న నియమం ఉంది గాని, దానివల్ల ఈ లోపం పూర్తిగా తీరదు. ఒక నివేదిక నుంచి ఎత్తి మరో దానిలో అతికించిన పేరాలు దొరికిన సందర్భాలు దేశంలో ఉన్నాయి. చెట్లు, పక్షుల జాబితా చూడండి. మన చెలకల్లో కనిపించని జాతులు అందులో ఉండి, కనిపించేవి లేకపోతే, సర్వే ఎంత శ్రద్ధగా జరిగిందో తెలిసిపోతుంది. ఆ తేడాను రాతపూర్వకంగా ఇవ్వండి.

ప్రశ్న: అనుమతి వచ్చేశాక ఇక చేయగలిగింది ఏమీ లేదా? మాది దామరచర్ల వైపు, థర్మల్ కేంద్రం బూడిద గురించి భయంగా ఉంది.
– పేరు రాయవద్దన్న పాఠకుడు

జవాబు: ఉంది. అనుమతి ఉత్తర్వుపై ముప్ఫై రోజుల్లోగా హరిత ట్రైబ్యునల్‌లో అప్పీలు చేసుకోవచ్చు. తగిన కారణం చూపితే మరో అరవై రోజుల వరకు ఆలస్యాన్ని మన్నిస్తారు. మీ యాదాద్రి థర్మల్ కేంద్రం విషయమే తీసుకోండి. నాలుగు వేల మెగావాట్ల ఆ కేంద్రానికి 2017లో అనుమతి వచ్చింది. 2022లో ట్రైబ్యునల్ దాన్ని నిలిపి ఉంచి అదనపు అధ్యయనాలు చేయమంది. 2024 ఫిబ్రవరిలో వీర్లపాలెంలో మళ్లీ ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. అప్పీలు గడువు దాటినా షరతుల అమలును అడిగే దారి మూసుకుపోదు. ప్రాజెక్టు యాజమాన్యం ప్రతి ఏటా జూన్ 1కి, డిసెంబరు 1కి షరతుల అమలు నివేదిక సమర్పించాలి, అది బహిరంగ పత్రం. దానిలో బూడిద చెరువు అడుగున పరిచిన పొర గురించి, చుట్టూ ఉన్న పరిశీలన బావుల నీటి పరీక్షల గురించి ఏం రాశారో చూసి, మీ బావి నీటిని గుర్తింపు పొందిన ప్రయోగశాలలో పరీక్ష చేయించి పోల్చుకోండి. నల్లగొండ నేలలో ఫ్లోరైడ్ సహజంగానే ఎక్కువ కాబట్టి, కేంద్రం పూర్తిస్థాయిలో నడవకముందటి పరీక్ష ఫలితం మీ చేతిలో లేకపోతే రేపు ఏ మార్పునైనా నేల స్వభావం కిందే జమకడతారు.