ఓజ్యోర్స్క్ గురించి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

సోవియట్ యూనియన్ అణుబాంబుకు ప్లూటోనియం తయారుచేసిన రహస్య నగరం ఓజ్యోర్స్క్ మీద నీ వ్యాసం చదివాను. బాంబు ఉంది, దాని పనిని నడిపించిన స్టాలిన్ అనుచరుడు బేరియా ఉన్నాడు, తుపాకీ కాపలా ఉంది. ఊరు మాత్రం లేదు. అక్కడ నీళ్ల పైపు పగిలితే జనం ఎవరి దగ్గరికి పోయి చెప్పుకునేవాళ్లు? నువ్వు వెతకాల్సింది అదే.

1948లో ప్లూటోనియం రియాక్టర్ నడవడం మొదలైనప్పుడు అక్కడ నగరపాలన అంటూ ఏమీ లేదు. ఫ్యాక్టరీ డైరెక్టర్ మాటే శాసనం, పక్కన పార్టీ రాజకీయ విభాగం. 1954లో రహస్యంగానే నగర హోదా ఇచ్చారు. సోవియట్ (నగర కౌన్సిల్) వచ్చింది, ఎన్నికలొచ్చాయి, బ్యాలెట్ మీద పేరు మాత్రం ఒక్కటే. మ్యాపులో ఊరే లేదు, ఉత్తరాలు చెల్యాబిన్స్క్-40 అనే మారుపేరున వచ్చేవి. ఇళ్లకీ, బడికీ, థియేటర్‌కీ డబ్బు వచ్చింది ఫ్యాక్టరీ నుంచి, దాని వెనకున్న మధ్యతరహా యంత్ర నిర్మాణ శాఖ నుంచి. అణు వ్యవహారమంతా ఆ మామూలు పేరు చాటునే నడిచింది. ఖజానా తన చేతిలో లేని కౌన్సిల్ ఏపాటి నిర్ణయం తీసుకోగలదో ఆలోచించు.

అక్కడి వాళ్లందరినీ ఖైదీలుగా చూపించకు. బయటి ఊళ్లలో క్యూ కట్టినా దొరకని సరుకులు వాళ్ల షాపుల్లో దొరికేవి. ఇలా కంచె వేసి, అనుమతి లేనిదే ఎవరినీ రానివ్వని 'మూసిన నగరాల' మీద 1992లో చట్టం వచ్చాక కూడా వాళ్లలో చాలామంది ఆ కంచె ఉండాలనే కోరుకున్నారు. ఎందుకో వాళ్ల వైపు నుంచి రాయి.

ఆ తర్వాత కంచె దాటి తేచా నది ఒడ్డుకు వెళ్లు. 1949 నుంచి కొన్నేళ్లపాటు ఫ్యాక్టరీ తన అణు వ్యర్థాలను ఆ నదిలోకే వదిలింది. దిగువనున్న మెట్లినో లాంటి పల్లెల వాళ్లు ఆ నీళ్లే తాగారు, పశువులకు పట్టారు, బట్టలు ఉతుక్కున్నారు. కొన్నాళ్లకు నదిలోకి దిగొద్దన్నారు. ఎందుకు దిగకూడదో ఎవరూ చెప్పలేదు. వాళ్లకూ గ్రామ సోవియట్ ఉండేది తమ్ముడూ! కారణం తెలియని నిషేధాన్ని సొంత ఊరి వాళ్ల మీద అమలు చేయాల్సి వచ్చిన మనుషుల సంగతి తలచుకుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది. నీ వ్యాసానికి ప్రాణం అక్కడుంది.

1957 సెప్టెంబర్ 29న వ్యర్థాల ట్యాంకు పేలింది. గాలి ఈశాన్యంగా వీచింది కాబట్టి నగరం చాలావరకు తప్పించుకుంది, బెర్ద్యానిష్ లాంటి పల్లెలు ఖాళీ అయ్యాయి. ప్రభుత్వం ఆ సంగతి బయటికి ఒప్పుకున్నది 1989లో. పేలుడుకి ఒక్క పేరా చాలు, దాని గురించి ఇప్పటికే చాలామంది రాశారు.

తిరగరాసి పంపు. ఏ ఉత్తర్వు ఎవరు ఇచ్చారో, డబ్బు ఎవరిదో ప్రతిచోటా తెలియాలి. దొరకనిచోట ఊహించి నింపకు.

మీ అన్నయ్య