కారు రేడియేటర్ ఫ్యాన్ స్విచ్ వేడెక్కడానికి కారణం రిలే లేకపోవడమే

కారు రేడియేటర్ ఫ్యాన్‌ను కావాలన్నప్పుడు ఆన్ చేసుకోవడానికి డాష్‌బోర్డు మీద పెట్టుకున్న స్విచ్‌ను నేరుగా ఫ్యాన్‌కే కలిపితే కాలిన వాసన వస్తోందన్నారు, వస్తుంది మరి! రేడియేటర్ ఫ్యాన్ మామూలుగానే 10 నుంచి 30 ఆంపియర్లు లాగుతుంది, తిరగడం మొదలయ్యే క్షణంలో ఇంకా ఎక్కువ, డాష్‌బోర్డు మీది చిన్న స్విచ్ ఎక్కడ తట్టుకుంటుంది? అందుకే మధ్యలో రిలే కావాలి, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్, ఆఫ్ చేసే స్విచ్. బ్యాటరీ నెగటివ్ తీసి, ముందు ఆ కనెక్షన్ పీకేయండి.

మీ కారులో థర్మో స్విచ్ (ఇంజిన్ వేడెక్కితే దానంతటదే ఆన్ అయ్యే స్విచ్) ఫ్యాన్ రిలేను ఎర్త్ చేసే రకమైతే పని చాలా సులువు: రిలే నుంచి థర్మో స్విచ్‌కు వెళ్లే వైరుకే సన్నని వైరు ఒకటి కలిపి, మీ స్విచ్ మీదుగా బాడీకి ఎర్త్ చేయండి, ఫ్యాన్ ఆటోమేటిక్‌గా తిరగడం కూడా అలాగే ఉంటుంది.

అసలు రిలేనే లేకపోతే 40 ఆంపియర్లది కొనండి. రిలే పిన్నుల మీద నంబర్లు ఉంటాయి: బ్యాటరీ పాజిటివ్ నుంచి 30కి, 87 నుంచి ఫ్యాన్ పాజిటివ్‌కు లావు వైరు, ఫ్యాన్ నెగటివ్ బాడీకి. ఫ్యూజు బ్యాటరీ పక్కనే ఉండాలి, ఎక్కడో ఫ్యాన్ దగ్గర పెడితే దారిలో వైరు ఒరుసుకుని బాడీకి తగిలినప్పుడు అది ఉండీ లేనట్టే. 86కి ఇగ్నిషన్ ఆన్‌లో మాత్రమే వచ్చే 12 వోల్టులు ఇచ్చి, 85ని స్విచ్ ద్వారా ఎర్త్ చేయండి. 86కి ఎప్పుడూ కరెంటు ఉండే వైరు ఇస్తే, రాత్రి స్విచ్ ఆపడం మర్చిపోయారో, తెల్లారేసరికి బ్యాటరీ డౌన్.

ఫ్యాన్‌ను ఈసీయూ (ఇంజిన్‌ను నియంత్రించే కంప్యూటర్) నడుపుతుంటే మాత్రం వైరింగ్ డయాగ్రమ్ చూడకుండా ఆ వైర్లలో వేలు పెట్టకండి.