శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో దళిత, గిరిజన యువతకు అసమానత ఎలా అర్థమవుతుంది? ఎలా ఎదిరిస్తారు?

చాలామందికి అది మొదట అవమానంగానే తెలుస్తుంది. ముసలి తండ్రిని ఆసామి ఇంటి పసివాడు ‘ఒరే’ అని పిలుస్తాడు, తండ్రి తలవంచుకుంటాడు. హాస్టల్లో పది ఊళ్ల పిల్లలు మాట్లాడుకున్నప్పుడు అందరిదీ అదే అనుభవమని తేలుతుంది. నా దృష్టిలో అసలు మలుపు అదే.

తర్వాతి ప్రశ్న భూమి గురించి. 2012 జూన్‌లో వంగర మండలం లక్ష్మీపేటలో, మడ్డువలస రిజర్వాయరు కోసం సేకరించిన భూముల వివాదంలో ఐదుగురు దళితులను చంపారు. కులం పొలంతో ఎంత గట్టిగా ముడిపడి ఉందో ఇంతకంటే చెప్పనక్కరలేదు.

ఎదిరించడం చాలాసార్లు కాగితంతో మొదలవుతుంది: అడంగల్ (పొలం ఎవరి సాగులో ఉందో చూపే రెవెన్యూ రికార్డు) నకలు, సమాచార హక్కు దరఖాస్తు, సీతంపేట ఏజెన్సీ వైపైతే 1/70 చట్టం (ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి వెళ్లకుండా ఆపేది), 2006 అటవీ హక్కుల చట్టం కింద గ్రామసభ తీర్మానం. ఒంటరిగా కాకుండా పదిమంది కలిసి వెళ్లండి, తేదీ వేసిన రసీదు అడిగి తీసుకోండి.