ఆయన ఇంట్లోకి వెళ్లు

అమ్మాయికి,

ఆశీస్సులు. బ్రిటిష్ సేనాని ఫ్రెడరిక్ రాబర్ట్స్ మీద నువ్వు మొదలుపెట్టిన నవల రెండుసార్లు చదివాను. 1880లో పదివేల మందితో కాబూల్ నుంచి కాందహార్‌కి నడిచిన ఘట్టం బాగా వచ్చింది. చదువుతుంటే నాకే దాహం వేసింది. కానీ ఇన్ని పేజీల్లో ఒక్కసారి కూడా ఆయన ఇంట్లో అడుగుపెట్టలేదు నువ్వు.

1832లో కాన్పూర్‌లో పుట్టిన పిల్లవాణ్ని పసితనంలోనే ఇంగ్లండ్ పంపేశారు. తండ్రి అబ్రహాం ఇక్కడే సైన్యంలో ఉండిపోయాడు. 1852లో ఇరవై ఏళ్ల కొడుకు పెషావర్ చేరేసరికి అక్కడి దళాలకు అధిపతి ఆ తండ్రే. ఒకరికొకరు దాదాపు కొత్తవాళ్లు. మొదటి రోజు భోజనాల దగ్గర ఏం మాట్లాడుకుని ఉంటారు? నాన్నా అనడానికి నోరు తిరిగిందా, ‘సర్’ అనేశాడా? అది నువ్వే ఊహించి రాయాలి. ఆ ఒక్క సీను కుదిరితే యుద్ధాలు సగం తీసేసినా నాకు ఫర్వాలేదు.

భార్య నోరాని ఒక్క పేరాతో సరిపెట్టావు. 1859లో పెళ్లి. ఆరుగురు పిల్లల్లో ముగ్గురు పసికందులుగానే పోయారు. మిగిలిన ఒక్క కొడుకు ఫ్రెడ్డీ 1899 డిసెంబరులో, దక్షిణాఫ్రికాలోని కొలెన్సో యుద్ధంలో గాయపడి చనిపోయాడు. తండ్రికి వచ్చిన బ్రిటిష్ వీరపతకం విక్టోరియా క్రాసే, పోయాక కొడుక్కీ వచ్చింది. ఆ పతకం ఇంటికొచ్చిన రోజును నోరా వైపు నుంచి రాయి.

ఇంతా తెలిశాక ఆయన మీద జాలి పుడుతుంది. అక్కడే జాగ్రత్త. 1881 నుంచి మద్రాసు సైన్యానికి ఆయనే సేనాధిపతి. మన తెలుగు సిపాయిలు ఎందరో ఉన్న సైన్యం అది. దక్షిణాదివాళ్లు యుద్ధానికి పనికిరారని ఆయన గట్టిగా నమ్మాడు. 1885లో మొత్తం భారత సైన్యానికి అధిపతి అయ్యాక ఉత్తరాది ‘యుద్ధ జాతుల’కే మొగ్గు చూపాడు. తాత చేసిన కొలువు మనవడికి దక్కకుండా పోయింది. తలచుకుంటే నాకిప్పటికీ కడుపు మండుతుంది. నీ నవలలో ఒక్క తెలుగు సిపాయి కూడా నోరు విప్పడు. 1879లో కాబూల్‌లో ఆయన వేయించిన ఉరిశిక్షలూ లేవు. ఇష్టపడ్డ మనిషి తప్పు కప్పిపుచ్చాలనిపిస్తుంది, నాకు తెలుసు. కప్పకు తల్లీ.

దసరా లోపు పెషావర్ అధ్యాయం పంపు. టెన్షన్ పడకు, చిత్తుప్రతి అయినా చాలు.

ప్రేమతో,
మీ మాస్టారు