గోవా హాఫ్ ఐరన్‌మ్యాన్‌కి ఆరు నెలల ప్రిపరేషన్ సరిపోతుందా?

హైదరాబాద్‌లో ఉంటాను, స్విమ్మింగ్ పూల్‌లో కిలోమీటరు ఆగకుండా ఈదగలను, ఆదివారాలు సైకిల్ తొక్కుతాను, సముద్రంలో మాత్రం ఎప్పుడూ దిగలేదు అని మీరు అన్నారు. ఆరు నెలలు సరిపోతాయండీ. కాకపోతే ఆ ఆరు నెలల్లో కనీసం పదిసార్లైనా సముద్రంలో ఈదాలి. మాది విశాఖ. నేను 2022లో గోవా మిరామార్ బీచ్‌లో ఈ రేసు పూర్తి చేశాను. చిన్నప్పటినుంచీ సముద్రం పక్కనే ఉన్నా, నాకు కష్టమైంది ఈతే.

హాఫ్ ఐరన్‌మ్యాన్ అంటే వరుసగా 1.9 కిలోమీటర్ల ఈత, 90 కిలోమీటర్ల సైకిల్, 21.1 కిలోమీటర్ల పరుగు. మొత్తం ఎనిమిదిన్నర గంటల్లో అయిపోవాలి. ఈతకు విడిగా 70 నిమిషాల గడువుంది, అది దాటితే సైకిల్ దాకా వెళ్లనివ్వరు.

పూల్‌లో ఆ దూరం నాకు 46 నిమిషాలు పట్టేది. గోవాలో 58 పట్టింది. మొదటి రెండొందల మీటర్లలోనే ఎవరిదో కాలు మొహానికి తగిలింది. అదే సమయానికి అల వచ్చి ఉప్పు నీళ్లు గొంతులోకి పోయాయి. ఊపిరి ఆడలేదు. పూల్ అడుగున ఉండే నల్ల గీత చూసుకుంటూ ఈదడం అలవాటైన మనకు ఆ మసక నీళ్లలో ఏ ఆధారమూ ఉండదు. కయాక్ మీదున్న లైఫ్‌గార్డుకు చెయ్యెత్తాను. కయాక్‌ని పట్టుకుని ఎంతసేపైనా ఆగొచ్చు, దాని సాయంతో ముందుకు కదలకూడదు, అంతే. ఈ రూల్ ముందే తెలిసి ఉండటం నన్ను కాపాడింది. నిమిషం పాటు పట్టుకుని, గాలి పీల్చడం సంగతి వదిలేసి పూర్తిగా బయటికి వదలడం మీదే మనసు పెట్టాను. తర్వాత కాసేపు బ్రెస్ట్‌స్ట్రోక్, ఆపైన మామూలుగా ఈదాను.

అందుకే ప్రాక్టీసులో రెండు పనులు తప్పకుండా చేయండి. ఆరేడు స్ట్రోకులకోసారి కళ్లు మాత్రం నీటిపైకి లేపి ఎదురుగా ఉన్న బోయాను (దారి చూపడానికి నీటి మీద తేలేలా పెట్టే గుర్తు) చూసుకోవడం ఒకటి. నలుగురైదుగురు ఒకరికొకరు తగులుతూ ఈదడం రెండోది. హైదరాబాద్ నుంచి మా విశాఖలోని రుషికొండ బీచ్‌కి నెలకో వీకెండ్ వచ్చినా చాలు. కానీ ఒంటరిగా దిగకండి, అక్కడి నీళ్లు బాగా తెలిసిన కోచ్ లేకుండా అసలు వద్దు. మా తీరంలో లోపలికి లాగే ప్రవాహాలు ఎక్కువ, ఈత బాగా వచ్చినవాళ్లు కూడా పోయారు. గోవాలో అరేబియా సముద్రం రేసు జరిగే రోజుల్లో వెచ్చగా ఉంటుంది కాబట్టి వెట్‌సూట్ (చలి తగలకుండా వేసుకునే ఈత సూటు) లేకుండానే అలవాటు చేసుకోండి.

సైకిల్ గురించి మీకు పెద్దగా చెప్పక్కర్లేదు. ఎత్తుపల్లాలు ఉంటాయి, ఫ్లైఓవర్లన్నా వెతికి ఎక్కండి. ముందున్న సైకిల్‌కి 12 మీటర్ల దూరం పాటించాలి, లేకపోతే పెనాల్టీ. హెల్మెట్ బకిల్ పెట్టుకున్నాకే సైకిల్ స్టాండు మీంచి తీయాలి.

పరుగులో అసలు శత్రువు ఎండ. నేను సైకిల్ మీద ఉన్నప్పుడు నీళ్లు బాగానే తాగాను కానీ ఉప్పు సరిగా తీసుకోలేదు. 12వ కిలోమీటరు దగ్గర రెండు పిక్కలూ పట్టేశాయి. దోనా పౌలా వైపు ఎక్కే చోట నడిచాను. మీరు ఇప్పటినుంచే శనివారం మూడు గంటలు సైకిల్ తొక్కి, దిగగానే ఐదు కిలోమీటర్లు పరుగెత్తండి. రేసు రోజు ఏం తినాలో, ఎంత ఎలక్ట్రోలైట్ తాగాలో ఆ శనివారాల్లోనే తేలిపోవాలి. నాకు జెల్స్ (రేసులో శక్తి కోసం తినే తీపి పేస్టు ప్యాకెట్లు) పడలేదు, ఖర్జూరం పడింది. కొత్త తిండి అక్కడ మొదలుపెట్టకండి.

ఆ తీరం మాత్రం చాలా అందంగా ఉంటుంది. మాండవి నది సముద్రంలో కలిసే చోటు, అవతలి ఒడ్డున ఆగ్వాద కోట. రేసులో అవేవీ నా కళ్లకు కనిపించలేదు. ఒక రోజు ముందే వెళ్లండి, సాయంత్రం ఆ నీళ్లలో పది నిమిషాలు ఈది, బోయాల నుంచి ఒడ్డు ఎలా కనిపిస్తుందో గుర్తుపెట్టుకోండి. రుషికొండకు వచ్చేటప్పుడు ఇక్కడ మెసేజ్ పెట్టండి, మా బ్యాచ్ ఆదివారం ఉదయం ఆరింటికి దిగుతుంది.