తుమ్మొస్తే కాళ్ళు దగ్గర పెట్టుకోవాల్సి వస్తోంది

ప్రశ్న: నాకు 49 ఏళ్ళు, టీచర్‌ని. రెండూ మామూలు కాన్పులే. నెలసరి ఆగి ఎనిమిది నెలలైంది. ఏడాదిగా తుమ్మినా, దగ్గినా, క్లాసులో గట్టిగా మాట్లాడినా మూత్రం చుక్కలు పడుతున్నాయి. వీడియోలు చూసి, మూత్రం పోసేటప్పుడు మధ్యలో ఆపడం రెండు నెలలుగా చేస్తున్నాను. తేడా లేదు. ఆపరేషన్ లేకుండా తగ్గుతుందా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: చాలామందికి పూర్తిగానో, చాలావరకో తగ్గుతుంది. కానీ మీరు చేస్తున్న పద్ధతి మానేయండి. మధ్యలో ఆపడం అన్నది ఆ కండరం ఎక్కడుందో కనిపెట్టడానికి ఒకటి రెండుసార్లు పనికొస్తుంది, అంతే. రోజూ చేస్తే మూత్రసంచి సరిగా ఖాళీ కాదు, మిగిలిన మూత్రం ఇన్ఫెక్షన్‌కి దారి తీస్తుంది.

ముందు పొత్తికడుపు కింది ఎముక నుంచి వెనక తోక ఎముక దాకా ఉయ్యాల గుడ్డ కట్టినట్టు ఒక కండరాల పొర ఉంటుంది. మూత్రసంచి, గర్భసంచి, మలాశయం దాని ఆసరాతోనే నిలబడతాయి. కాన్పుల్లో అది సాగుతుంది. నలభైల చివర్లో ఈస్ట్రోజెన్ తగ్గేసరికి మూత్రనాళం లోపలి మెత్తని పొర కూడా పలచబడుతుంది. తుమ్మినప్పుడు పైనుంచి పడే ఒత్తిడిని రెండూ కలిసి ఆపలేకపోతున్నాయి.

1948లో అమెరికన్ గైనకాలజిస్టు ఆర్నాల్డ్ కెగెల్ ఈ వ్యాయామాల గురించి రాసినప్పుడు, కండరం ఎంత బిగుస్తోందో కొలిచే పరికరం కూడా వాడారు. ఇప్పుడు వ్యాయామం మాత్రం మిగిలింది, సరిచూసుకోవడం పోయింది. కాబట్టి ముందు అదే చేయండి. వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడవండి. గ్యాస్‌నీ, మూత్రాన్నీ ఒకేసారి ఆపుకుంటున్నట్టుగా లోపలికి, పైకి లాగండి. ఒక చేయి పొట్ట మీద ఉంచండి, అది మెత్తగానే ఉండాలి. పిరుదులు, తొడలు బిగుసుకోకూడదు. అద్దం పెట్టుకుని చూస్తే యోనికీ మలద్వారానికీ మధ్య భాగం లోపలికి పోతూ కనిపించాలి. కిందికి ఉబ్బిందంటే మీరు లాగడం లేదు, ముక్కుతున్నారు. అలా ఎన్నాళ్ళు చేసినా మేలు జరగకపోగా గర్భసంచి, మూత్రసంచి లాంటివి కిందికి జారడం పెరుగుతుంది.

సరిగ్గా వచ్చాక 3 సెకన్లు బిగించి, 5 సెకన్లు పూర్తిగా వదలండి. ఇలా 8 సార్లు, రోజుకు మూడు పూటలు. పైకి వినబడేలా అంకెలు లెక్కపెట్టండి, ఊపిరి బిగబట్టే అలవాటు దానితోనే పోతుంది. వారానికో సెకను పెంచుకుంటూ 10 సెకన్లకు చేరండి. ప్రతి పూటా చివర చకచకా 8 బిగింపులు చేర్చండి, తుమ్ముకు అడ్డుపడేవి అవే. మొదటి వారాలు పడుకుని, తర్వాత కూర్చుని, ఆపైన నిలబడి చేయండి. మూడు నెలలు మానకుండా చేశాకే ఫలితం గురించి ఆలోచించండి. ఈలోపు తుమ్ము వస్తోందనిపించగానే ముందే ఒక బిగింపు వేయండి. ఈ కిటుకు కొందరికి వారం పది రోజుల్లోనే ఉపయోగపడుతుంది.

బిగిస్తే నొప్పి వస్తుంటే, కలయిక కూడా బాధగా ఉంటే, ఆ కండరం ఇప్పటికే బిగుసుకుపోయి ఉండొచ్చు. అప్పుడు ఇవి ఆపి, కటి కండరాల చికిత్స తెలిసిన ఫిజియోథెరపిస్టును కలవాలి.

ప్రశ్న: వయసు 55. బయటినుంచి వచ్చి తలుపు తాళం తీసేలోపే ఆగడం లేదు. ముప్పావుగంటకోసారి వెళ్తున్నాను. భయపడి నీళ్ళు తగ్గించేశాను.
– ఒక గృహిణి, రాజమహేంద్రవరం

జవాబు: నీళ్ళు తగ్గిస్తే మూత్రం చిక్కబడి మూత్రసంచిని ఇంకా రేపుతుంది. ముందు మూత్ర పరీక్ష, షుగర్ పరీక్ష చేయించండి. అవి బాగుంటే మూడు రోజులు ఒక కాగితం మీద ఎన్ని గంటలకు వెళ్ళారు, ఏం తాగారు, ఎప్పుడు తడిసింది రాయండి. చాలామందికి జవాబు అందులోనే దొరుకుతుంది. ఉదయం రెండు టీలు, పదింటికో కాఫీ, నాలుగింటికి మళ్ళీ టీ. వీటిని రోజుకు ఒక్కదానికి తేవాలి. నీళ్ళు 200 మిల్లీలీటర్ల గ్లాసుతో 8 నుంచి 10, ఎండాకాలంలో ఇంకాస్త ఎక్కువ. పడుకునే రెండు గంటల ముందు ఆపేయండి.

ఇప్పుడు 45 నిమిషాలకు వెళ్తున్నారు కదా, గంట దాకా ఆగండి. అర్జెంటుగా అనిపించగానే పరుగెత్తకండి, పరుగు దాన్ని పెంచుతుంది. ఉన్నచోటే కూర్చుని, పై జవాబులో చెప్పిన కండరాన్ని అయిదారుసార్లు గబగబా బిగించి వదలండి, మనసును వేరే లెక్క మీదికి మళ్ళించండి, ఆ కెరటం దిగాక నడిచి వెళ్ళండి. గంట అలవాటయ్యాక మరో 15 నిమిషాలు పెంచండి. మూడు గంటలకు చేరడానికి ఆరు వారాలో, ఇంకాస్తో పడుతుంది. బయటికి వెళ్ళే ముందు ‘ఎందుకైనా మంచిదని’ వెళ్ళొచ్చే అలవాటు కూడా తగ్గించుకోండి. సంచి కొద్దిపాటికే గొడవ చేయడం నేర్చుకునేది అక్కడే.

ప్రశ్న: గర్భసంచి కొద్దిగా జారిందన్నారు. కింద బరువుగా ఉంటుంది, సాయంత్రానికి ఎక్కువవుతుంది. తీసేయించుకోమంటున్నారు. వయసు 52.
– ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: మన రెండు రాష్ట్రాల్లో ఈ సలహా తేలిగ్గా ఇచ్చేస్తున్నారు, తేలిగ్గా తీసుకుంటున్నారు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశమంతటా 3.2 శాతమైతే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. సంచి తీసినంత మాత్రాన ఆసరా గట్టిపడదు. తర్వాత యోని పైభాగమే జారవచ్చు. కొద్దిపాటి జారుడైతే రెండో డాక్టరు అభిప్రాయం తీసుకోండి, పెస్సరీ గురించి అడగండి. అది సిలికాన్ రింగు, కొలత చూసి లోపల అమరుస్తారు. సైజు సరిపోతే లోపల ఉన్నట్టే తెలియదు.

ఇంట్లో మొదట చూడాల్సింది మలబద్ధకం. రోజూ ముక్కడం అంటే గర్భసంచికి ఆసరాగా ఉండే కండరాల పొరను రోజూ కిందికి తోయడమే. కమోడ్ అయితే కాళ్ళ కింద చిన్న పీట వేసుకుని, మోచేతులు మోకాళ్ళ మీద ఆనించి, ఊపిరి వదులుతూ కూర్చోండి. జొన్నరొట్టె, తోటకూర, జామకాయ సరిపోకపోతే ఒక చెంచా ఇసబ్గోల్ నిండు గ్లాసు నీళ్ళతో తీసుకోండి. నీళ్ళు తక్కువైతే అదే గట్టిపడి కూర్చుంటుంది.

గ్యాస్ నింపిన సిలిండర్ బరువు దాదాపు 30 కిలోలు. దాన్ని మీరు ఎత్తొద్దు. నీళ్ళ బిందె తప్పనిసరైతే సగం నింపి, ముందు కండరం బిగించి, ఊపిరి వదులుతూ లేపండి. మూత్రం అసలు రాకపోయినా, బయటికొచ్చిన భాగం పుండుపడినా ఆలస్యం చేయకండి.

ప్రశ్న: వయసు 57. లోపల పొడిగా, మంటగా ఉంది. వేపాకు నీళ్ళు, పసుపుతో కడుగుతున్నాను. నెలసరి ఆగి ఆరేళ్ళు. మొన్న చుక్క రక్తం కనిపించింది.
– ఒక పాఠకురాలు, సిద్దిపేట

జవాబు: పసుపు, వేప, డెట్టాల్, సబ్బు ఏదీ లోపలికి వద్దు. బయట మామూలు నీళ్ళు చాలు. ఈస్ట్రోజెన్ తగ్గి పలచబడిన పొరను అవి ఇంకా ఎండబెడతాయి. లోపలి మంచి బాక్టీరియా ఎలాగూ తగ్గిపోయి ఉంటుంది, మిగిలినదాన్ని మనమే కడిగేసుకుంటున్నాం. మందుల షాపులో దొరికే యోని మాయిశ్చరైజర్ వారానికి రెండు మూడుసార్లు వాడొచ్చు, కలయిక వేళ నీటితో చేసిన లూబ్రికెంట్ వాడొచ్చు. చాలకపోతే డాక్టరు రాసే తక్కువ మోతాదు ఈస్ట్రోజెన్ క్రీము ఉంది. మామూలుగా రెండు వారాలు రోజూ, తర్వాత వారానికి రెండుసార్లు. రొమ్ము క్యాన్సర్ వచ్చి ఉంటే ముందే చెప్పండి.

కానీ మీరు చివర్లో రాసిన చుక్క రక్తమే మాకు ముఖ్యం. నెలసరి ఆగి ఏడాది దాటాక ఒక్క చుక్క కనిపించినా పరీక్ష తప్పదు. పొడిబారినందువల్లే అయ్యే అవకాశం ఎక్కువే అయినా, గర్భసంచి లోపలి పొరలో క్యాన్సర్ లేదని తేలాలి. ఈ వారమే గైనకాలజిస్టు దగ్గరికి వెళ్ళి స్కాన్ చేయించండి. ఆ పొర మందంగా ఉందంటే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. ఆ ఫలితం వచ్చేదాకా క్రీము మొదలుపెట్టకండి.